ఒంటిచేతి చొక్కా

తాళంచెవులు చేసే కొట్టుకీ, ఇస్త్రీ దుకాణానికీ నడుమ ఇరుక్కున్న గది ఆమెది. లోపల ఒక కుట్టుమిషను, ఒక కత్తిరింపు బల్ల, మూల తెర కట్టిన చిన్న చోటు, అందులో నిలువుటద్దం. అద్దాల కిటికీ నిండా గుండీల సీసాలు. ముత్యాల్లాంటివి, కొమ్ముతో చేసినవి, చెక్కవి, పిల్లల గౌన్లకు కుట్టే పువ్వుల గుండీలు. ఎవరి కోటుకి గుండీ ఊడిపోయినా, దాని జోడు ఎక్కడా దొరక్కపోయినా, ఆ సీసాల్లో దొరుకుతుందని పేరు. అందుకే వీధి వీధంతా ఆమెను గుండీల పిన్ని అనేది.

పిన్ని మాటకారి కాదు. పనిలో ఉన్నంతసేపూ పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని ఉంటుంది కాబట్టి, "ఊఁ", "ఉఁహూఁ"లతోనే సగం బేరాలు తెగిపోయేవి. కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయి చాలా కాలమైంది. అందరూ రెడీమేడ్ కొనుక్కుని, పొడుగైతే మడత వేయించుకోవడానికీ, బిగుతైతే వదులు చేయించుకోవడానికీ మాత్రం ఆమె దగ్గరికి వచ్చేవారు. ఉన్నంతలో గుట్టుగా బతికేందుకు అది చాలు.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆమె వీధికంతటికీ పిన్ని అయినా, ఆయన మాత్రం ఎవరికీ బాబాయి కాలేదు. డ్రైవరుగారే. ఆయన తీరు అలాంటిది. చొక్కా మీద ముడత కనిపిస్తే గడప దాటేవాడు కాదు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి కింది గుండీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే పైకి పెట్టుకుంటూ వచ్చేవాడు. కాలరు సర్దుకునేసరికి ఆయన మొహంలో ఒక ఠీవి వచ్చేది. "బస్సు పాతదైనా డ్రైవరు కొత్తగా ఉండాలి" అనేవాడు. కూతురికి పెళ్లై వేరే ఊళ్లో కాపురముంటోంది. ఇంట్లో మిగిలింది వీళ్లిద్దరే.

ఒకరోజు డిపోలో బస్సు దిగుతుండగా ఆయన కుడికాలు మడత పడింది. ఆస్పత్రికి చేరేసరికి కుడిచెయ్యి కూడా పడిపోయింది. పక్షవాతం అన్నారు.

ప్రాణానికి ముప్పు తప్పింది. కాలు మెల్లగా దారికొచ్చింది, కర్ర ఊతంతో నడిచేవాడు. మాట కాస్త నెమ్మదించింది, వెతుక్కుని వెతుక్కుని పలికేవాడు. చెయ్యి మాత్రం రాలేదు. చూడవచ్చినవాళ్లకు మొదట్లో ఆయనే నవ్వుతూ చెప్పేవాడు, "ఇన్నేళ్లూ నమ్ముకున్నాను. చివరికి నా చెయ్యే నాకు చెయ్యిచ్చింది" అని. కొన్నాళ్లకు ఆ హాస్యం కూడా మానేశాడు.

పొద్దున పిన్నే ఆయనకు స్నానం చేయించి, చొక్కా తొడిగి, గుండీలు పెట్టేది. చిన్నపిల్లాడిలా గడ్డం పైకెత్తి, ఎటో చూస్తూ నిలబడేవాడు. ఒకనాడు ఆమె చెయ్యి పక్కకు తోసేశాడు.

"వద్దులేవే. ఎక్కడికి పోవాలని?"

"వాకిట్లో కూర్చోవచ్చు కదండీ."

"బనీనుతోనే ఉంటాను. లోపలే బాగుంది."

అప్పటినుంచి గదిలోంచి వాకిట్లోకి కూడా రావడం మానేశాడు. ఆయనతో పాతికేళ్లు ఒకే బస్సులో పనిచేసిన కండక్టరు వచ్చి, "వచ్చే నెల్లో నా రిటైర్మెంటు. డిపోలో చిన్న సభ పెడుతున్నారు. నువ్వు రాకపోతే నాకు ఆ సభే వద్దు" అంటే, చూద్దాంలే అని మాట దాటేశాడు. 

మర్నాడు ఆమె దుకాణానికి బయల్దేరి, మరిచిపోయిన కత్తెర కోసం వెనక్కి వచ్చింది. తలుపు సగం తెరిచి ఉంది. అద్దం ముందు ఆయన నిలబడి ఉన్నాడు. యూనిఫాం చొక్కా ఒంటి మీద వేళ్లాడుతోంది. ఒక అంచును పళ్లతో పట్టుకుని, ఎడమచేత్తో గుండీని కాజాలోకి తోయాలని చూస్తున్నాడు. అది జారిపోతోంది. మళ్లీ పడుతున్నాడు. మళ్లీ జారిపోతోంది. నుదుటి మీద చెమట పట్టింది. పిన్ని అడుగులో అడుగేసుకుంటూ మెట్లు దిగిపోయింది. తర్వాత చెప్పుల చప్పుడు గట్టిగా చేసుకుంటూ, "కత్తెర మరిచిపోయానండోయ్" అని కేకేస్తూ మళ్లీ ఎక్కింది. ఆమె లోపలికి వెళ్లేసరికి చొక్కా మంచం కింద ఉంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజు దుకాణంలో ఆమె చేతికి పని అంటలేదు. కిటికీలోని సీసాల వంక చూస్తూ కూర్చుంది. గుండీలతోనే బతుకు వెళ్లదీసిన మనిషి ఇంట్లో, మొగుడికి ఆ గుండీలే గుదిబండలయ్యాయి.

గుండీలు లేని టీషర్టు కొనుక్కొస్తే, "బనీను వేసుకుని డిపోకి పొమ్మంటావా?" అన్నాడు. పైగా తల మీదుగా తొడుక్కోవడం ఒంటిచేత్తో ఇంకా కష్టం. జిప్పు పెడితే, కింద కొసను జిప్పు లాగే పట్టులో ఇమడ్చడానికి రెండో చెయ్యి కావాల్సి వచ్చింది. అతుక్కునే పట్టీలు, అవే చెప్పులకు వాడతారే, అవి కుట్టి చూసింది. పని బాగానే చేశాయి. విప్పేటప్పుడు మాత్రం చర్రుమని చప్పుడు. ఆ చప్పుడుకి ఆయన మొహం ముడుచుకుంది.

"ఆస్పత్రిలో చేతికి గుడ్డ చుట్టి రక్తపోటు చూస్తారే, అదే చప్పుడు. రోజూ పొద్దున్నే వినమంటావా?"

ఆమె ఆ పట్టీలు విప్పేసింది.

దారి దొరికింది ఒక టీచరమ్మ చేతిసంచిలో. పట్టీ తెగిందని కుట్టడానికి ఇచ్చి వెళ్లింది. పిన్ని కుడుతూ కుడుతూ యథాలాపంగా సంచి మూత ఎత్తి వదిలింది. అది టక్కున తనంతట తానే వెళ్లి మూసుకుంది. మళ్లీ ఎత్తింది, మళ్లీ వదిలింది. పెదాల మధ్య సూదులు తీసి డబ్బాలో పెట్టి, గట్టిగా నవ్వింది. పక్కకొట్టులో తాళాలు చేసే ముసలాయన తొంగిచూసి, "ఏం పిన్నీ, ఒక్కదానివే నవ్వుతున్నావు?" అంటే, "సంచి జోకేసింది" అంది.

అయస్కాంతపు బిళ్లలు తెప్పించింది. మొదటి చొక్కా నవ్వులపాలైంది. బిళ్లలు తిరగేసి కుట్టడంతో, అంచులు రెండూ పోట్లాడుకున్న తోడికోడళ్లలా ఒకదాన్నొకటి తోసేసుకున్నాయి. రెండోది ఉతికితే బిళ్లలన్నీ కుట్లు తెంచుకుని బకెట్టు పిడికి అంటుకున్నాయి. మూడోసారి ఒక్కో బిళ్లకూ చిన్న గుడ్డసంచి చేసి, నాలుగువైపులా మూసి, గుండీల పట్టీ మడతలో దాచింది. పైన చూపుకి మామూలు గుండీలే కుట్టింది. కాజాలున్నట్టు దారంతో అల్లింది, కానీ తెరవలేదు. ఎడమచేత్తో ఒక అంచు తెచ్చి రెండో అంచుకి దగ్గర చేస్తే చాలు, చొక్కా తనే మూసుకుంటుంది. చొక్కా కుడిచేతిని చంక దాకా వెడల్పుగా కత్తిరించింది, పడిపోయిన చెయ్యి సులువుగా దూరడానికి.

ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసి, "అదుగో, చూడండి" అని మాత్రం చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ ఏ పనీ లేకపోయినా గిన్నెలు అటూ ఇటూ జరుపుతూ నిలబడింది. గదిలోంచి ఏ అలికిడీ లేదు. తర్వాత టక్, టక్, టక్ మని వరసగా చిన్న చప్పుళ్లు. ఆమె బయటికి వచ్చేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కాలరు సర్దుకుంటున్నాడు.

"మెడ దగ్గర కాస్త వదులైంది" అన్నాడు.

"రేపు సరిచేస్తాను."

"రేపెందుకు, ఇప్పుడే చెయ్యి. విప్పి ఇస్తాను" అని, తనే విప్పి ఇచ్చాడు. ఆమె దాన్ని అందుకుని, మొహం కనిపించకుండా అటు తిరిగి సూదీదారం పట్టుకుని కూర్చుంది.

కండక్టరు సభకి ఇద్దరూ వెళ్లారు. దారిలో బస్సు మలుపు తిరిగితే ఆయన తూలి, లోపలి ఇనుప స్తంభానికి ఆనుకున్నాడు. చొక్కా స్తంభానికి అంటుకుపోయింది. లాగితే ఊడొచ్చింది, మళ్లీ అంటుకుంది. "చూశావా, బస్సు నన్ను వదలనంటోంది" అని ఆయన నవ్వాడు. జబ్బు చేశాక అంత హాయిగా నవ్వగా ఆమె వినడం అదే మొదలు.

సభలో అందరూ ఆరోగ్యం అడిగారు, కాలు అడిగారు, కూతురి సంగతి అడిగారు. తిరిగివచ్చాక మంచం మీద కూర్చుని, ఆయన ఒక గొప్ప విశేషం చెబుతున్నట్టు అన్నాడు, "చొక్కా గురించి ఒక్కడూ అడగలేదే."

ఇంట గెలిచింది కాబట్టి ఇక రచ్చ గెలవాలనిపించింది పిన్నికి. ఫిజియోథెరపీకి ఆయన్ని తీసుకెళ్లినప్పుడు, ఆ హాల్లో వరసగా కూర్చున్నవాళ్లను ఆమె కుట్టుపని చేసేవాళ్ల కళ్లతో చూసేది. ఒకరికి ముంజేతుల దాకా కట్లు. ఒకావిడకు వేళ్లు వంకర్లు పోయాయి. ఒకాయనకి చేతులు రెండూ ఉన్నా, వణుకు. అందరి ఒంటి మీదా నలిగిన వదులు బట్టలు, ఎవరో తొందర తొందరగా తొడిగినవి.

ఇలాంటివాళ్లందరికీ కుట్టాలన్న ఊహ మొదట చెప్పింది మరిదికి. అతనిది బోర్డులు అచ్చువేసే దుకాణం. అన్నగారంటే ప్రాణం. పెద్ద అక్షరాలంటే అంతకంటే ప్రాణం.

"నువ్వు కుట్టు వదినా. ఊరందరికీ తెలిసేలా చెయ్యడం నా పని" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. వారం తిరక్కుండా దుకాణం ముఖద్వారాన్ని సగం మింగేసేంత బోర్డు తెచ్చి బిగించాడు. 'పక్షవాత రోగులకు, వికలాంగులకు ప్రత్యేక దుస్తులు' అని ఎర్రటి అక్షరాలు. పక్కన, ఎప్పుడు తీశాడో ఏమో, కర్ర పట్టుకుని వంగి నడుస్తున్న అన్నగారి ఫొటో.

డ్రైవరుగారు ఆ సాయంత్రం దుకాణం దాకా నడిచి వచ్చాడు. తల ఎత్తి బోర్డు చదివాడు. తన బొమ్మ చూసుకున్నాడు.  కర్ర తిప్పుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

బోర్డు పెట్టినప్పటినుంచి గిరాకీ రాకపోగా, ఉన్నదీ పోయింది. పొట్టి చేయించుకోవడానికి వచ్చే పాతవాళ్లు కూడా, ఇదేదో ఆస్పత్రి దుకాణం అయిపోయిందనుకుని పై వీధికి వెళ్లసాగారు. ఒక మధ్యాహ్నం మాత్రం, చెత్తబుట్టలు పెట్టే వెనక సందులోంచి ఎవరో తలుపు తట్టారు. తలుపు తీస్తే, మంచి చీర కట్టుకున్న ఒకావిడ నిలబడి ఉంది.

"మా నాన్నగారికండీ" అంది గొంతు తగ్గించి. "ముందునుంచి రాలేకపోయాను. ఏమీ అనుకోకండి. ఆయన చాలా అభిమానస్తులు. రోగుల బట్టలని తెలిస్తే ముట్టుకోరు."

పిన్ని ఆమెను కూర్చోబెట్టి కొలతలు రాసుకుంది. ఆమె వెళ్లగానే స్టూలు వేసుకుని ఎక్కి, బోర్డు మేకులు ఊడబీకింది. కబురందుకుని మరిది పరిగెత్తుకొచ్చాడు. కోపగించుకుంటాడేమో అనుకుంది. అతను బోర్డును అక్షరాలు గోడవైపుకి తిప్పి ఆనించాడు.

"అన్నయ్య బాధపడ్డాడా?"

"బాధపడకుండా ఉంటాడా? ఎవరూ గమనించలేదని సంతోషించిన మనిషాయె. నువ్వేమో అంతెత్తున కట్టావు."

"అక్షరాలు పెద్దవైతే చాలనుకున్నా వదినా. ఎవరు చదువుతారో ఆలోచించలేదు" అన్నాడు. ఆ పూటే ఇంటికి వెళ్లి అన్నగారి పక్కన మంచం మీద కూర్చుని, ఆయన కాలు వత్తాడు. డ్రైవరుగారే చివరికి, "ఫొటోలో పొట్ట ఎక్కువ కనిపించిందిరా. మళ్లీ తీస్తే నిలబెట్టి తియ్యి" అన్నాడు.

బోర్డు పోయాక ఆయన రోజూ దుకాణానికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. తెర పక్కన ఆయనకో కుర్చీ వేశారు. వచ్చేపోయేవాళ్లతో మాట కలిపేవాడు. మాట నెమ్మదే అయినా, బస్సులో ఒక జన్మకి సరిపడా మనుషుల్ని చూసినవాడు కాబట్టి ఎవరిని ఎలా పలకరించాలో తెలుసు.

ఒకరోజు నిగనిగలాడే బూట్లు వేసుకున్న ఒకతను ఫోను చెవికి ఆనించుకునే లోపలికి వచ్చాడు. ఫిజియోథెరపీ చేసే డాక్టరమ్మ పంపిందట. తండ్రికి చొక్కాలు కావాలి.

"ఉన్నమాట చెప్పాలంటే, ఆయనకి ఒక చెయ్యి బాగానే ఉందండీ" అన్నాడు. "కొంచెం ప్రయత్నిస్తే పెట్టుకోవచ్చు. బద్ధకం. ప్రతిదానికీ నన్ను పిలుస్తాడు. నాకు ఆఫీసుకి ఆలస్యమవుతుంది."

పిన్ని పెదాల మధ్య సూదులున్నాయి. అవి లేకపోయినా ఆమె ఏమీ అనేది కాదు. కుర్చీలోంచి డ్రైవరుగారు అన్నాడు, "బాబూ. ఒక పని చెయ్యి. ఆ తెర వెనక్కి వెళ్లు. అక్కడ మామూలు చొక్కా ఒకటి తగిలించి ఉంది. కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకో. తియ్యకు. ఆ చొక్కా తొడుక్కుని రా."

అతను నవ్వాడు. ఇదేదో సరదా అనుకుని ఫోను బల్ల మీద పెట్టి వెళ్లాడు. తెర వెనక మొదట ఒక చిన్న నవ్వు వినిపించింది. తర్వాత మోచెయ్యి గోడకు తగిలిన చప్పుడు. తర్వాత విసుగ్గా ఒక మాట.  బల్ల మీద ఫోను మోగి ఆగింది. మళ్లీ మోగింది.

అతను బయటికి వచ్చేసరికి ఒక్క గుండీ పడింది, అదీ తప్పు కాజాలో. చెయ్యి మాత్రం జేబులోంచి తియ్యలేదు. డ్రైవరుగారు లేచి తన పక్కనున్న చొక్కాల్లోంచి పిన్ని కుట్టినదొకటి అందించాడు. అతను మళ్లీ లోపలికి వెళ్లాడు. టక్, టక్ మని వినిపించింది. ఈసారి తెర పక్కకు లాగి, లోపలి అద్దంలో తన్ను తాను చూసుకున్నాడు.

"పొద్దున కూడా విసుక్కున్నాను" అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు.

"ఇంకా పొద్దుంది కదా బాబూ" అన్నాడు డ్రైవరుగారు.

అతను నాలుగు చొక్కాలకు కొలతలిచ్చాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నాన్నకి నీలం రంగు ఇష్టం. మరిచేపోయాను" అన్నాడు.

ఈ కథంతా విన్న మరిది కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇదే వదినా. ఇదే కావాల్సింది. మనం చెప్పడం కాదు, వాళ్ల చేతికి తెలియాలి." ఈసారి అరచేతంత పలక చేసుకొచ్చాడు. దాని మీద రోగమన్న మాట లేదు, బొమ్మ లేదు. 'ఒక చెయ్యి జేబులో పెట్టుకోండి. ఈ చొక్కా తొడుక్కోండి.' అంతే. దాన్ని కిటికీలో, గుండీల సీసాల పక్కన, చక్కగా ఇస్త్రీ చేసిన రెండు చొక్కాల నడుమ పెట్టారు. ఏ మంచి రోజుకైనా కొనుక్కోవాలనిపించేలాంటి చొక్కాలు.

కుర్రకారు పందాలు వేసుకుంటూ వచ్చారు. తెర వెనక నవ్వులే నవ్వులు. కానీ ఆ నవ్విన పిల్లల్లోనే ఒకమ్మాయి మర్నాడు వాళ్ల మేనత్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఒకబ్బాయి వాళ్ల డ్రిల్లు మాస్టారిని తెచ్చాడు. ఇప్పుడెవరూ వెనక సందులోంచి రావడం లేదు. చూడబోతే ఇది అందరి దుకాణమే, ఎవరు ఎవరికోసం కొంటున్నారో పక్కవాడికి తెలియదు. డాక్టరమ్మ తన హాల్లో కూడా ఒక చొక్కా తగిలించుకుంది. పిన్ని మిషనుకి తోడుగా రెండో మిషను వచ్చింది. దాని ముందు కూర్చోవడానికి, వీధి చివర ఇంట్లో పని వెతుక్కుంటున్న ఒక ఒంటరి తల్లి వచ్చింది.

పని జోరందుకున్న ఆ రోజుల్లోనే డాక్టరమ్మ ఫోను చేసింది. గొంతులో తొట్రుపాటు.

"పిన్నిగారూ, నాకూ ముందే తట్టాల్సింది. గుండెకి యంత్రం పెట్టించుకున్నవాళ్లుంటారు. గుండె కొట్టుకోవడం సరిగ్గా ఉండాలని ఛాతీలో పెడతారే, అది. దాని దగ్గరికి అయస్కాంతం రాకూడదు. యంత్రం దారి తప్పుతుంది. మీరు అలాంటివాళ్లకెవరికైనా ఇచ్చారా?"

పిన్ని కొలతల పుస్తకం ముందుకు లాక్కుంది. ఎవరికిచ్చిందో తెలుసు, ఎవరి గుండెలో ఏముందో తెలియదు. ఎప్పుడూ అడగలేదు. 

"గుండీ సంగతి చూశాను గానీ, గుండె సంగతి చూడలేదండీ" అంది భర్తతో. ఆయన కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాడు.

"ఏడవడం తర్వాత. ముందు ఎవరెవరు ఎక్కడుంటారో చెప్పు" అన్నాడు.

ఫోనుకి దొరికినవాళ్లకు ఫోను చేశారు. మిగిలినవాళ్ల వీధుల పేర్లు ఆమె చెబుతుంటే, ఆయన కళ్లు మూసుకుని మనసులోనే బస్సు నడిపాడు. ముందు ఆస్పత్రి మలుపు, అక్కణ్నుంచి నీళ్లట్యాంకు, అటునుంచి వంతెన దిగితే కుడిపక్క. ఒక్క ఇల్లూ రెండుసార్లు తిరగక్కర్లేని దారి చెప్పాడు. పిన్ని వెళ్లి మరిది స్కూటరు వెనక ఎక్కింది. ఆయన దుకాణంలో కూర్చుని వచ్చినవాళ్లకు విషయం చెప్పాడు.

యంత్రం ఉన్నది ఒక్కరికే. వంతెన అవతల ఉండే సంగీతం టీచరు, ఒంటరి మనిషి. పిన్ని ఆగకుండా తలుపు తట్టింది. టీచరు నిక్షేపంగా నిలబడి ఉంది.

"మీరు కుట్టిన జాకెట్టా? ఇంకా తొడుక్కోలేదమ్మా. బీరువాలో ఉంది. అంత బాగుంటే ఇంట్లో వేసుకోబుద్ధి కాలేదు. మంచి కచేరీ వస్తే వేసుకుందామని."

పిన్ని ఆ గుమ్మంలోనే చతికిలబడింది. టీచరు కంగారుపడి నీళ్లు తెచ్చిచ్చింది. ఎవరిని ఎవరు ఓదార్చాలో తెలియని పరిస్థితి. ఆ జాకెట్టును పిన్ని వెనక్కి తెచ్చి, బిళ్లలు తీసేసి, బొటనవేలితో నొక్కితే పడే బల్లపరుపు కొక్కేలు పెట్టింది. ఆ కొక్కేల కోసం కొన్నాళ్లు బుర్ర బద్దలు కొట్టుకుంది. చివరికి కుదిరాయి. ఆనాటినుంచి టేపు తీసే ముందు ఆమె అడిగే మొదటి మాట, "గుండెకి యంత్రమేమైనా ఉందా?" అనే. ప్రతి చొక్కా లోపలి అంచున ఆ సంగతి చెప్పే చిన్న గుడ్డముక్క కూడా కుట్టింది.

మంచి పేరొచ్చాక, చూసి చేసేవాళ్లు రాకుండా ఉంటారా? ఎదురు వరసలో ఒక కుర్ర టైలరున్నాడు. ప్యాంట్లు బాగా కుడతాడని పేరు. ఒక పొద్దున అతని కొట్టులో అచ్చం అలాంటి చొక్కాలే వేళ్లాడుతూ కనిపించాయి. మరిది అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"నీ కష్టం వాడు తేరగా కొట్టేశాడు వదినా. రేపే బోర్డు పెడతాను. అసలు దుకాణం ఇదొక్కటే అని. ఈసారి పెద్ద అక్షరాలు కావాలి."

పిన్నికీ ఒళ్లు మండింది. రాత్రింబవళ్లు ఎన్నిసార్లు విప్పి కుట్టిందో ఆమెకే తెలుసు. డ్రైవరుగారు మాత్రం నింపాదిగా టీ తాగుతున్నాడు.

"మన రూట్లో ఇంకో బస్సు వేస్తే నేనూ మొదట్లో తిట్టుకునేవాణ్ని. తర్వాత చూస్తే, స్టాపుల్లో నిలబడ్డవాళ్లకి నా ఒక్క బస్సు ఎప్పుడూ సరిపోయేదే కాదు" అన్నాడు. కాస్త ఆగి, "అది కాదే. వాడు గుండె సంగతి అడుగుతున్నాడా?" అన్నాడు.

పిన్ని చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వీధి దాటింది.

ఆమెను చూడగానే టైలరు లేచి నిలబడ్డాడు. మొహం మాడిపోయింది. "పిన్నీ, నేనే వద్దామనుకున్నా..." అని నసిగాడు. తిట్టడానికే వచ్చిందని అతనికి అర్థమైపోయింది.

"యంత్రమున్నవాళ్లని అడుగుతున్నావా?"

"ఏ యంత్రం?"

ఆమె నుదురు కొట్టుకుంది. స్టూలు లాక్కుని కూర్చుని, సంగీతం టీచరు దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పింది. జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు ఆమె మాట్లాడి ఎరగదు. అతని మొహంలో రంగు మారింది. తగిలించిన చొక్కాలన్నీ ఒక్కొక్కటే దించాడు. అమ్మినవి ఇద్దరికే, ఇద్దరూ తెలిసినవాళ్లే. అక్కడికక్కడే ఫోను చేశాడు. భయం లేదని తేలాక గోడకి చేరగిలబడి, "తిడతారనుకున్నాను" అన్నాడు.

"తిడతాను. ముందు ఆ బిళ్లలు ఇలా తే. సంచి మూడువైపులే మూశావు, నాలుగో ఉతుకుకి రాలిపోతాయి."

కుడుతూ మధ్యలో ఆమె అంది, "నాకు ప్యాంటు కుదరడం లేదబ్బాయ్. నడుం దగ్గర ఒంటిచేత్తో బిగించుకోవడం ఎలాగో తట్టడం లేదు. ఆయనకి ఇంకా నేనే కట్టాలి."

టైలరు పెన్సిలు అందుకున్నాడు. పక్కకు కట్టే బెల్టులాంటిదేదో కాగితం మీద గీశాడు. కొట్టేశాడు. మళ్లీ గీశాడు. అది కుదరడానికి చాలా నాళ్లు పట్టింది. మొదటి ప్యాంటు డ్రైవరుగారు వేసుకుని, వీధి ఈ కొస నుంచి ఆ కొసకు కర్ర పట్టుకుని ఒకసారి నడిచి చూపించాడు. "జేబు చిన్నదైంది" అని తప్పు పట్టాడు కూడా. ఇప్పుడు చొక్కాలు ఇటు, ప్యాంట్లు అటు. వచ్చినవాళ్లను ఈ కొట్టువాళ్లు ఆ కొట్టుకి చూపిస్తారు. మరిది ఆ రెండు దుకాణాలకూ కలిపి ఒకటే పలక చేసిచ్చాడు, చిన్న అక్షరాలతోనే.

ఆ మధ్య ఊరి చివర ఉండే ఒక పెద్దాయనకి బట్టలు ఇవ్వాల్సి వచ్చింది. ఆయన కదలలేడు. సెలవురోజు కావడంతో పిన్ని, డ్రైవరుగారు ఇద్దరూ బట్టల సంచి పట్టుకుని బస్సెక్కారు. బస్సు ఖాళీగా ఉంది. అందులోని కుర్ర కండక్టరు ఆయన్ని గుర్తుపట్టి ముందు సీటు చూపించాడు. ఆయన ఆమెను కిటికీ పక్కకు జరగమని, తను ఇవతల కూర్చున్నాడు.

కొంతదూరం వెళ్లాక పిన్ని అంది, "ఏమండీ, పెళ్లైనప్పటినుంచి మీ బస్సు ఎన్నిసార్లు ఎక్కి ఉంటాను?"

"ఏమో. లెక్కెవరు పెట్టారు?"

"ఎప్పుడూ మీ వీపు చూస్తూ కూర్చోవడమే. పక్కన కూర్చుని వెళ్లడం ఇదే మొదలు."

ఆయన ఆలోచించాడు. నిజమే.  కిటికీ అవతల ఏ మలుపు వస్తోందో, అక్కడ రోడ్డు ఎలా వంగుతుందో, వానాకాలంలో నీళ్లెక్కడ నిలుస్తాయో ఒక్కొక్కటే ఆమెకు చూపించడం మొదలుపెట్టాడు. ఆమె ఆయన చూపించినవైపల్లా చూస్తూ, దిగాల్సిన స్టాపు వచ్చేదాకా వింటూ కూర్చుంది.